తాళం వేసిన గదిలో లేచిన కంప్యూటర్

"మళ్లీ మొదటి నుంచి చెప్పు. బుధవారం మధ్యాహ్నం తాళం ఎన్నింటికి వేశావు?"

"పన్నెండున్నరకండీ మేడమ్. రోజూ అదే టైము."

"తాళం చెవి?"

ప్రిస్కిల్లా చీర కుచ్చిళ్ల దగ్గర పిన్నీసుకి గుచ్చిన తాళం చెవిని తీసి చూపించింది. "తొమ్మిదేళ్ల నుంచీ ఇక్కడే ఉంటుందండీ. రాత్రి దిండు కింద పెట్టుకుంటాను. మా ఆయన్ని కూడా ముట్టుకోనివ్వను."

"తిరిగి ఎప్పుడొచ్చావు?"

"ఒకటిన్నరకి. అన్నం తిని, పాప యూనిఫాం ఉతికి ఆరేసి వచ్చాను."

ఫణిశ్రీ చేతిలోని కాగితం వైపు చూసింది. కంప్యూటర్ తనలో తాను రాసుకునే చిట్టా అది. బుధవారం పన్నెండు నలభై రెండుకి కంప్యూటర్ ఆన్ అయింది. పన్నెండు యాభై అయిదుకి ఆగిపోయింది. మధ్యలో ఉన్న ఆ పదమూడు నిమిషాల్లో ఒక్క ఫోల్డరు మాయమైంది. అది 2004లో మొగల్తూరు చర్చిలో జరిగిన హెలెన్ పెళ్లి ఫోటోలది.

తణుకులో ఈ ఫోటో స్టూడియోకి యాభై ఏళ్లు. దీన్ని నడిపిన పార్థసారథి గారు పోయి ఎనిమిది నెలలయింది. ఆయన భార్య మాణిక్యాంబ గారు పైన ఇంట్లో ఉంటారు. కింద పనంతా ప్రిస్కిల్లాదే. పాత నెగటివులన్నీ ఒక్కొక్కటిగా స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా ఆ అమ్మాయే. ఆ తర్వాత రెండేళ్లకి వానాకాలంలో నీళ్లొచ్చి నెగటివులు ఒకదానికొకటి అతుక్కుపోతే పారబోశారు. కాబట్టి హెలెన్ పెళ్లి జరిగిందనడానికి లోకంలో మిగిలింది ఆ ఫోల్డరు ఒక్కటే. ఆల్బమ్‌ని ఆమె మొగుడు ఎజ్రా ఎప్పుడో పట్టుకుపోయాడు. చర్చి రిజిస్టరు వరదలో తడిసి సిరా కారిపోయింది. గల్ఫ్ వెళ్లి ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన ఎజ్రా ఇప్పుడు అసలు పెళ్లే జరగలేదంటున్నాడు. అతని చిన్ననాటి స్నేహితుడెవరో, ప్రభుత్వోద్యోగట, నాకు తెలిసి వీళ్లకి పెళ్లి కాలేదని సంతకం కూడా పెట్టిచ్చాడు. సోమవారం కోర్టులో వాయిదా.

మంగళవారం హెలెన్ వచ్చి ప్రింట్లు అడిగింది. గురువారం రమ్మంది ప్రిస్కిల్లా. గురువారానికి ఫోల్డరు లేదు. ఎజ్రా ప్రిస్కిల్లాకి దూరపు చుట్టం కావడంతో నింద ఆమె మీద పడింది. పొద్దున ఎస్సై రాజ్ కుమార్ వచ్చి, నాలుగింటికి జీపు తెస్తాను, సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు టైము మూడు అయిదు.

"మేడమ్, పాపకి ఎనిమిదేళ్లండీ," అంది ప్రిస్కిల్లా. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయాక ఉండే గొంతు అది. "బడి నుంచి వచ్చేసరికి నేను జీపులో ఉంటే దానికి ఏం చెప్తారు?"

ఫణిశ్రీ కంప్యూటర్ వైపు తిరిగింది. పాపకి చెప్పగలిగినది ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి.

"ఇది ఆన్ చెయ్యి చూద్దాం."

ప్రిస్కిల్లా జడలోంచి పిన్ను తీసింది. కంప్యూటర్ ముందు మీట ఊడిపోయి అయిదేళ్లయింది. ఆ కన్నంలోకి పిన్ను పెట్టి, కొంచెం ఎడమకి వంచి నొక్కితే తప్ప అది లేవదు.

"ఈ కిటుకు ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదండీ. అమ్మగారికి కూడా రాదు."

"అదే కదా నేనంటున్నది!" అంటూ గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

గణేష్‌బాబు. రాజమండ్రిలో పెద్ద బోర్డు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మాణిక్యాంబ గారి తరఫున ఈ కేసు చూస్తున్నది అతనే. ఒకప్పుడు తనకి పాఠాలు చెప్పిన ఫణిశ్రీని మాత్రం ప్రిస్కిల్లా పిలిపించుకుంది, ఫీజు మాట ఎత్తకుండా, పాత చనువు కొద్దీ.

"తాళం ఈవిడ దగ్గర. పిన్ను ఈవిడ జడలో. కంప్యూటర్ లేచింది. ఇంక నువ్వు వెతికేది ఏంటి ఫణీ, దెయ్యాన్నా?"

"నువ్వు కనిపించావుగా, సరిపోయింది."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఇరవై ఏళ్ల కిందటిదే. ఫణిశ్రీకి ఒక్క క్షణం కాగితం మీద అంకెలు కనపడలేదు.

అప్పట్లో ఈ మేడ మీద ముందు గదుల్లో కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఫణిశ్రీ పాఠాలు చెప్పేది. గణేష్‌బాబు మిషన్లు బాగుచేసేవాడు. పది కంప్యూటర్లు, ఒక్క ఏసీ. చెప్పులు బయట విడిచి గుడిలోకి వచ్చినట్టు వచ్చేవాళ్లు పిల్లలు. పదో తరగతితో చదువు ఆగిపోయి, ఓణీ వేసుకుని వచ్చి చివరి కుర్చీలో ముడుచుకు కూర్చునేది ఈ ప్రిస్కిల్లా. కింద ఈ స్టూడియోలో మెట్లూ పూలకుండీలూ గీసిన పెద్ద తెర, అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. హాల్ టికెట్ ఫోటోకి వెళ్తే పార్థసారథి గారు, "గడ్డం కొంచెం కిందికమ్మా, కళ్లు పైకి, ఊపిరి ఆపు," అనేవారు. క్లిక్‌మన్నాక కూడా ఊపిరి వదలడం మరిచిపోయేది ఫణిశ్రీ. నాలుగింటికి వీధి చివర బజ్జీలు తెచ్చేవాడు గణేష్‌బాబు. నూనె మరకలు కీబోర్డుకి అంటితే తిట్టేదీ ఆమే, ఆఖరి బజ్జీ తినేదీ ఆమే.

"ఏంటి, అలా అయిపోయావు?" అన్నాడతను.

"ఏం లేదు. నువ్వు ఈ కేసులోకి ఎప్పుడొచ్చావు?"

"నిన్న గురువారం సాయంత్రం. పేపరు కుర్రాడి నోట విన్నాను. పార్థసారథి గారి ఇల్లు కదా అని నేనే వచ్చాను. పదేళ్ల తర్వాత ఈ గుమ్మం ఎక్కడం అదే."

"బాగుంది. పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."

కంప్యూటర్ ఉన్న గది ఒకప్పటి డార్క్‌రూమ్. కిటికీ లేదు. నాలుగు వైపులా మూరెడు మందం గోడలు. ఫణిశ్రీ ఫోను తీసి చూసింది. సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేవు. గోడ మీద దండ వేసిన పార్థసారథి గారి ఫోటో. దాని కింద ఎర్రటి జీరో బల్బు వెలుగుతోంది.

"ఫోటో లోపల ఎందుకు పెట్టారు?"

"ముందు గదిలో ఎండకి వెలిసిపోతుందన్నారండీ అమ్మగారు."

"బుధవారం నువ్వు అన్నానికి వెళ్లినప్పుడు ఈ బల్బు?"

"వెలుగుతూనే ఉందండీ. సంవత్సరీకం అయ్యేదాకా ఆ దీపం ఆరకూడదని అమ్మగారి మాట. మిగతా స్విచ్‌లన్నీ ఆపేస్తాను. వైర్లు కాలతాయని అయ్యగారికి భయం కదండీ, ఆ అలవాటు పోలేదు. ఇదొక్కటే ఆపను."

ఫణిశ్రీ మోకాళ్ల మీద కూర్చుని బల్లకిందికి దూరింది. బల్బు వైరు గోడ వెంబడి దిగి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి వెళ్లింది. అదే బాక్సులో దాని పక్కనే మరో ప్లగ్గు. అది కంప్యూటర్‌ది.

"ప్రిస్కిల్లా! కంప్యూటర్ మామూలుగా షట్‌డౌన్ చెయ్యి. బాక్సు మాత్రం ముట్టుకోకు."

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. బల్లకింద చీకట్లో, కంప్యూటర్ వీపున నెట్‌వర్క్ వైరు గుచ్చిన చోట, ఆవగింజంత పచ్చదీపం మిణుకుమంటూనే ఉంది.

ఫణిశ్రీ ఆ దీపం దగ్గరికి ఇంకాస్త జరిగింది. ఇరవై ఏళ్ల కిందట రోజూ పొద్దున్నే చూసిన దీపమే ఇది.

"ఇలా వచ్చి చూడండి ఇద్దరూ," అని పిలిచింది. "ఇది పడుకుంది కానీ చెవి తెరిచే ఉంది. బల్బు కోసం ఈ బాక్సు ఎప్పుడూ ఆపరు కదా. కరెంటు వస్తున్నంత సేపూ, ఆపేసిన కంప్యూటర్లో కూడా ఆ వైరు దగ్గరి ముక్క మేలుకునే ఉంటుంది. ప్రతి కంప్యూటర్‌కీ సొంత నంబరు ఒకటుంటుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాడెవడైనా ఆ నంబరు పెట్టి కేకేస్తే లేచి కూర్చుంటుంది. మీట అక్కర్లేదు. పిన్నూ అక్కర్లేదు."

ప్రిస్కిల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సెంటర్లో మీరు పొద్దున్నే చేసేవారు కదండీ! మీ కుర్చీలో కూర్చుని ఏదో నొక్కితే పదీ ఒకేసారి బుయ్‌మని లేచేవి. నేను మొదటి రోజు దండం పెట్టాను."

"పెట్టావు. నీ పక్క పిల్ల కూడా పెట్టింది. నవ్వలేక చచ్చాం."

గణేష్‌బాబు నవ్వలేదు. "కథ బాగుంది. చేసి చూపించు," అన్నాడు.

"పాస్‌వర్డ్ చెప్పు ప్రిస్కిల్లా, వైఫైది."

ప్రిస్కిల్లా చెవిలో చెప్పింది. "కొత్తదండీ. సోమవారమే రౌటర్ మార్చారు. నాకూ అమ్మగారికీ తప్ప తెలీదు."

ఫణిశ్రీ ముందు గదిలోకి వెళ్లి అవసరమైన యాప్ దించుకుంది. తిరిగొచ్చి కంప్యూటర్ వీపున అంటించిన చీటీలోని నంబరు చూసి కొట్టింది. ఫోను గాల్లో పట్టుకుని, అందరికీ కనిపించేలా ఒక్కసారి నొక్కింది.

రెండు సెకన్లు ఏమీ కాలేదు. తర్వాత ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ప్రిస్కిల్లా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

"టైము మూడు ఇరవై ఆరు," అంది ఫణిశ్రీ. "తాళం చెవి పిన్నీసుకే ఉంది. ఇప్పుడు చెప్పు గణేషూ, దెయ్యమా?"

"అయితే ఏంటి? ఈ పిల్లే ఇంటి నుంచి చేసి ఉండొచ్చుగా."

"ఈ పిల్ల ఇల్లు ఇక్కడికి కిలోమీటరున్నర. ఈ కేక ఇంటి గడప దాటదు. చేసినవాడు ఈ వైఫై అందేంత దూరంలోనే ఉండాలి. మహా అయితే పై ఇల్లు, పక్క మెట్లు, అంతే. ఈ మాట నాకు నేర్పింది నువ్వే."

"మరి పైనున్నది మాణిక్యాంబ గారు! ఆవిడ మీద పెడతావా? డెబ్బై ఏళ్ల మనిషి మీద?"

"గొంతు తగ్గించు."

"ఎందుకు తగ్గించాలి? కేసు నాది. ఫీజు తీసుకున్నది నేను. నువ్వు పాత చనువుతో వచ్చి నా పనిలో వేలు పెడుతున్నావు. సెంటర్లో ఉన్నప్పుడూ ఇంతే. నేను రిపేరు చేసిన మిషన్ని మళ్లీ ఒకసారి విప్పి చూస్తే గానీ నీకు నిద్రపట్టేది కాదు!"

"నువ్వు స్క్రూలు మిగిల్చేవాడివి మరి."

అప్పుడే అతని చేతిలోని ఫోను మోగింది. వాట్సాప్ వీడియో కాల్. తెర మీద అతని భార్య మొహం, స్పష్టంగా, ఆగకుండా. "ఏవండీ, వచ్చేటప్పుడు బొబ్బట్లు..." అంటుండగానే కట్ చేశాడు.

ఫణిశ్రీ చేతిసంచి తెరిచింది. అందులోంచి తన రెండో ఫోను తీసి చూసుకుంది. దాన్ని వైఫైకి కలపలేదు. సున్నా గీతలు. మూరెడు మందం గోడలు.

"మీ ఆవిడ చక్కగా కనిపించింది," అంది నెమ్మదిగా. "ఈ గదిలో సిగ్నల్ రాదు గణేషూ. నువ్వు పాస్‌వర్డ్ ఎవరినీ అడగలేదు. నీ ఫోను తనంతట తనే కలిసింది."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఫణిశ్రీ మెట్ల దగ్గరికెళ్లి పిలిచింది. మాణిక్యాంబ గారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చారు.

"పిన్నిగారూ, సోమవారం రౌటర్ మార్చింది ఎవరండీ?"

"ఇంకెవరమ్మా, మన గణేషే! నెట్టు సరిగా రావట్లేదని ఫోన్లో అన్నానో లేదో, రాజమండ్రి నుంచి కొత్త పెట్టె పట్టుకుని వచ్చేశాడు. కింద కంప్యూటర్ కూడా మెల్లగా ఉందని ఓ గంట కూర్చుని బాగుచేశాడు పాపం. కాఫీ కూడా తాగలేదు."

"నాకు చెప్పలేదేంటండీ అమ్మగారూ?" అంది ప్రిస్కిల్లా.

"నువ్వు లేవుగా సోమవారం, తాళం తీసి కంప్యూటర్ ఆన్ చెయ్యగానే పాపకి జ్వరమని ఫోనొస్తే సాయంత్రం దాకా అన్నీ అలాగే వదిలేసి వెళ్లావు. అయినా ఇంట్లో పిల్లాడు వచ్చివెళ్తే అది కూడా ఒక విశేషమా చెప్పడానికి?"

"బుధవారం మీరెక్కడున్నారండీ?"

"పట్టిసీమ. వీరభద్రుడి దర్శనానికి. పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చాను. అదీ గణేషుకి చెప్పానుగా."

ఆవిడ ముగ్గురి మొహాలూ చూశారు. తను అన్నది ఎక్కడికి వెళ్లి తగిలిందో తెలియక కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"పదేళ్ల తర్వాత గురువారం ఎక్కావన్నావు గుమ్మం," అంది ఫణిశ్రీ. "సోమవారం ఎక్కావు. కంప్యూటర్ నంబరు రాసుకున్నావు. లేచాక బయటి నుంచే లోపలికి వెళ్లే దారి కూడా పెట్టుకున్నావు. బుధవారం ఎక్కడ కూర్చున్నావు?"

గణేష్‌బాబు తల తిప్పి మెట్ల వైపు చూశాడు. "మెట్ల మీద. నాలుగో మెట్టు."

"ఎవరి కోసం?"

"అది అడక్కు. నా మీద పాత కేసొకటి ఉంది. ఆ మనిషి తలుచుకుంటే తెరుస్తాడు, తలుచుకుంటే మూస్తాడు. ఒక్క ఫోల్డరు తీసెయ్యమన్నాడు. కంప్యూటర్ పాతది, పాడైందనుకుంటారులే అనుకున్నాను. ఈ పిల్ల మీదికి వస్తుందనుకోలేదు ఫణీ. వచ్చాక ఆపలేకపోయాను."

"ఆపలేకపోవడం కాదు, నెట్టావు. పిన్ను ఈవిడ జడలో అన్నది ఎవరు?"

మూడు ముప్పై తొమ్మిది.

ప్రిస్కిల్లా తల ఎత్తలేదు. "అన్నయ్యా అని పిలిచేదాన్ని మిమ్మల్ని," అంది.

ఆ ఫోల్డరులో ఇంకేమున్నాయో తెలుసుకోవడానికి ఫణిశ్రీ అల్మారా తెరిచింది. అట్ట ఊడిన నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. తీసిన ప్రతి ఫిల్ము రోల్‌కీ ఒక నంబరు వేసి, ఏ ఫ్రేములో ఎవరున్నారో రాసుకునేవారు పార్థసారథి గారు. రోల్‌కి ముప్పై ఆరు ఫ్రేములు. పెళ్లి ముప్పైకి అయిపోతే మిగతావి వదిలేయడం ఆయనకి నచ్చేది కాదు. స్టూడియోకి తిరిగొచ్చి, ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లని నిలబెట్టి రోల్ పూర్తి చేసి గానీ కడిగేవారు కాదు. బస్తీలో ఎంతమంది పిల్లల చిన్నప్పటి ఫోటోలు అలా ఎవరో పెళ్లి రోల్ చివర పుట్టాయో లెక్కలేదు. 2004 మే పుస్తకంలో ఆ గుండ్రటి అక్షరాలు దొరికాయి.

"మొగల్తూరు హెలెన్ వివాహం, 1 నుంచి 31," అని చదివింది. "32 నుంచి 36, మన కంప్యూటర్ పిల్లలు, మెట్ల మీద."

మాణిక్యాంబ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ రోజు నాకు గుర్తే. గణేషు వాళ్ల అమ్మ క్యారేజీ తెచ్చింది. ఆవిడ్ని కూడా లాగి నిలబెట్టారు ఈయన. వద్దు బాబూ, చీర నలిగిందని సిగ్గుపడిందావిడ."

గణేష్‌బాబు గోడవైపు తిరిగాడు.

అతని అమ్మ పోయి పదకొండేళ్లు. ఫోటో తీయించుకోవడమంటే పారిపోయే మనిషి. ఇంట్లో దండ వెయ్యడానికి రేషన్ కార్డు మీది ఫోటోని పెద్దది చేయించారు. ఆ సంగతి ఫణిశ్రీకి తెలుసు. అది చేయించిన రోజు అతని పక్కనే ఉంది.

"ఆ ఫోల్డరు తెరిచావు," అంది అతని వీపుతో. "చివరిదాకా చూశావు. పదమూడు నిమిషాలు పట్టింది నీకు. తీసెయ్యడానికి ఒక్క నిమిషం చాలు. మిగతా పన్నెండూ ఏం చేశావు గణేషూ?"

అతని భుజాలు కదిలాయి. జేబులోంచి బండి తాళాల గుత్తి తీశాడు. దానికి వేలాడుతున్న చిన్న పెన్‌డ్రైవ్‌ని విడదీయడానికి గోళ్లు సహకరించలేదు. గుత్తి మొత్తం బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మ నవ్వుతోంది అందులో," అన్నాడు. "ఒక్కటే తీసుకుందామనుకున్నాను. మొత్తం తీసుకున్నాను."

ప్రిస్కిల్లా గుత్తితో సహా పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఫోటోలు తెర మీద వరసగా పరుచుకున్నాయి. మెట్ల మీద పదకొండు మంది, ఓణీలో తను, జడ ముందుకి వేసుకున్న ఫణిశ్రీ, పొట్ట లేని గణేష్‌బాబు, వాళ్లమ్మ. వాటిని చూడాలని ఫణిశ్రీకి ఎంతున్నా, టైము మూడు నలభై ఎనిమిది.

"వెనక్కి వెళ్లు. పెళ్లి చూపించు."

తెల్ల చీర, తల మీద ముసుగు, హెలెన్. పక్కన ఎజ్రా. పాస్టరు గారి చెయ్యి ఇద్దరి చేతుల మీదా. పెళ్లి జరగలేదని చెప్పడానికి ఇంక ఎవరికీ నోరుండదు. నింద పడ్డాక ప్రిస్కిల్లా మొహంలోకి మొదటిసారి రంగొచ్చింది.

"పెద్దది చెయ్యి. ఎజ్రా పక్కన తోడు పెళ్లికొడుకు ఎవరు? ఉంగరాల పెట్టె పట్టుకుని?"

ప్రిస్కిల్లా పెద్దది చేసింది. సన్నటి మీసం, కొత్త టై, ఇరవై అయిదేళ్ల కుర్రాడు కెమెరాకేసి సూటిగా చూస్తున్నాడు. ఆమె మొహానికి వచ్చిన రంగు వచ్చినట్టే పోయింది.

"మేడమ్... ఈయన పొద్దున వచ్చిన ఎస్సై గారండీ."

ఫణిశ్రీ గణేష్‌బాబు వైపు తిరిగింది. అతను అవునన్నట్టు కళ్లు మూసి తెరిచాడు.

ఈ పెళ్లి తాను ఎరగనని కోర్టుకి రాసిచ్చిన ప్రభుత్వోద్యోగి స్నేహితుడు, పాత కేసు చూపించి గణేష్‌బాబు చేత ఫోల్డరు తీయించినవాడు, కాసేపట్లో ప్రిస్కిల్లాని తీసుకుపోవడానికి వస్తున్న మనిషి, ముగ్గురూ ఒక్కడే.

"హెలెన్ లాయరుకి పంపు. ఇప్పుడే. అన్నీ పంపు," అంది ఫణిశ్రీ. ప్రిస్కిల్లా మొదలుపెట్టింది. ముప్పై ఆరు పెద్ద ఫోటోలు. తెర మీద నీలం గీత పాకుతోంది. అయిదు శాతం. తొమ్మిది.

బయట జీపు ఆగింది. ఇంకా నాలుగు కాలేదు.

బూట్ల చప్పుడు ముందు గది దాటి వచ్చింది. ఎస్సై రాజ్ కుమార్ గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. "ప్రిస్కిల్లా, పదమ్మా. ఆలస్యం చెయ్యకు."

ఫణిశ్రీ తెరకి అడ్డంగా జరిగింది. కానీ ఆమె కంటే ముందు గణేష్‌బాబు కదిలాడు. ఇస్త్రీ చొక్కా సర్దుకుని, ఎస్సైకీ కంప్యూటర్‌కీ మధ్యలో వెళ్లి నిలబడ్డాడు.

"ఆ పిల్ల కాదండి," అన్నాడు, వీధిలోకి వినపడేంత గట్టిగా. "నేనే చేశాను. మీరు చెయ్యమంటేనే చేశాను. ఇదిగో, వీళ్లందరి ముందూ చెప్తున్నాను. రాసుకోండి."

ప్రిస్కిల్లా తల ఎత్తి అతన్ని చూసింది. నీలం గీత నలభై దగ్గరుంది.

రాజ్ కుమార్ కోప్పడలేదు. అతని చూపు గణేష్‌బాబు భుజం మీదుగా, ఫణిశ్రీ పక్కగా, తెర అంచున కనిపిస్తున్న తెల్ల ముసుగు దాకా వెళ్లి ఆగింది. తర్వాత టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. వెనక్కి నడిచి, ముందు గదిలో స్టూడియో షట్టరు పట్టుకుని, వీధిలో ఎవరికీ ఏమీ కనపడకుండా లోపలి వైపు నుంచి కిందికి లాగాడు.